మెంబ్రేన్ మార్చే ముందు వేస్ట్ పైపు చూడండి: ఆర్‌ఓ మిషన్లపై మీ ప్రశ్నలు

ఎండలు ముదిరితే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం నీళ్ల మిషన్ గురించే ఉంటాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. మొదటిదే పెద్దది. మీ ఇంట్లో మిషన్ ఏ కంపెనీదైనా సరే, ముందు అది చదివి మిగతావాటికి వెళ్లండి.

ప్రశ్న: సార్, మా మిషన్ కొని నాలుగేళ్లయింది. బోరు నీళ్లే పోస్తాం. నెల రోజులుగా పొద్దున ప్లగ్ వేస్తే రాత్రి వరకు మోటారు గుయ్‌మంటూనే ఉంటోంది, ట్యాంకు మాత్రం సగం కూడా నిండట్లేదు. వేస్ట్ పైపులో కూడా నీళ్లు సన్నగానే వస్తున్నాయి. మెకానిక్ వచ్చి మూత తీసి చూసి "మెంబ్రేన్ పోయింది మేడం, 3,500 అవుతుంది" అన్నాడు. మా వారేమో దీన్ని పాత సామాను వాడికి ఇచ్చేసి కొత్తది కొందాం అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: మీ వారిని ఒక్క వారం ఆగమనండి అమ్మా. మూత తీసి చూడగానే మెంబ్రేన్ పోయిందని చెప్పేసేవాడు మెకానిక్ కాదు, సోదె చెప్పేవాడు. మెంబ్రేన్ అంటే నీళ్లలోని ఉప్పును ఆపే పల్చటి వడపోత పొర, అది ఆపిన ఉప్పు కొన్ని నీళ్లతో కలిసి వేస్ట్ పైపులో బయటికి పోతుంది. ఆ పొర ఒక తెల్లటి గొట్టంలో బిగించి ఉంటుంది, బయటికి కనపడదు, కనపడినా చూపుతో తేలే విషయం కాదు. అది పోయిందో లేదో చెప్పాలంటే కొలత గ్లాసు, గడియారం, టీడీఎస్ మీటర్ కావాలి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క. మీటర్ పెన్నులా ఉంటుంది, కొన్ని వందల్లో దొరుకుతుంది, ఒకటి కొని పెట్టుకోండి.

ఇలా చేయండి. మిషన్ నడుస్తుండగా, ట్యాంకులోకి మంచినీళ్లు పడే సన్న పైపు కింద గ్లాసు పెట్టి సరిగ్గా ఒక నిమిషం పట్టండి. తర్వాత వేస్ట్ పైపు కింద ఒక నిమిషం. ఇళ్లలో ఎక్కువగా ఉండే 75 జీపీడీ (అంటే రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్ కొత్తగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పాతబడ్డాక 150 వచ్చినా గొడవ లేదు. వేస్ట్ దానికి రెండు మూడింతలు పోతుంది, అది దాని స్వభావం. ఇప్పుడు ఈ రెండు గ్లాసులనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే జబ్బు ఎక్కడుందో చాలావరకు అవే చెప్తాయి.

మంచినీళ్లూ తక్కువ, వేస్టూ తక్కువ అయితే ఎక్కువగా మెంబ్రేన్ దాకా నీళ్లే సరిగ్గా చేరట్లేదని అర్థం. మీ ఉత్తరంలో మీరు రాసింది సరిగ్గా ఇదే. వేస్ట్ మామూలుగా పోతూ మంచినీళ్లు మాత్రం బాగా తగ్గితే, అప్పుడు మెంబ్రేన్ పూడుకుపోయిందని అనుమానించాలి. వేస్ట్ ధారగా, ఎప్పుడూ లేనంతగా పోతూ మంచినీళ్లు తగ్గితే మెంబ్రేన్‌ది తప్పు కాదు, వేస్ట్ పైపు మీద ఉండే ఎఫ్ఆర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క పాడైంది. నీళ్లను వెనక నుంచి అడ్డుకుని లోపల ప్రెషర్ నిలబెట్టేది అదే. మంచినీళ్లు దండిగా వస్తూ టీడీఎస్ పెరిగిపోతే మాత్రం మెంబ్రేన్‌కు చిల్లు పడిందనో, దాని చివర ఉండే రబ్బరు రింగు జారిందనో అనుకోవాలి. ఇక వేస్ట్ పూర్తిగా ఆగిపోతే ఒక్క గంట కూడా నడపకండి, ఎందుకో కిందనే చెప్తాను.

మీ విషయానికొస్తే, మిషన్ బయట గోడకు ఒక గిన్నె ఉంటుంది చూడండి, అందులో తెల్లటి క్యాండిల్ ఉంటుంది. ఉప్పల్ బోరు నీళ్లకు నాలుగైదు నెలల్లోనే అది బెల్లం రంగుకు తిరుగుతుంది, ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకుంటే ఇంకా ముందే. మీరు చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే చాలా కాలమైందన్నమాటే. ప్లగ్ తీసేయండి, నీళ్ల కుళాయి కట్టేయండి. గిన్నె నుంచి మిషన్‌లోకి వెళ్లే పైపు మొదట్లో చిన్న రింగు ఉంటుంది, దాన్ని వేలి గోటితో లోపలికి నొక్కి పట్టుకుని పైపు లాగితే ఊడి వస్తుంది. నొక్కకుండా లాగితే ఎంత బలం పెట్టినా రాదు, ఆ తర్వాత కారడం మొదలుపెడుతుంది. గిన్నెలోంచి నీళ్లు బకెట్లో పడేలా చూసుకుని కుళాయి తిప్పండి. ధార బలంగా పడితే క్యాండిల్ బాగానే ఉంది. ఏడుస్తూ కారితే జబ్బు దొరికింది, ఖర్చు వంద చిల్లర. క్యాండిల్ మార్చాక కూడా రెండు గ్లాసులూ నిండకపోతే లోపలి కార్బన్ ఫిల్టర్, తర్వాత మోటారు, ఆ వరసలో చూపించండి. మెంబ్రేన్ పేరు అందరికంటే చివర రావాలి.

మెంబ్రేన్ పేరే ముందు ఎందుకు వస్తుందంటే, మిషన్లో ఖరీదైన సరుకు అదే, మిగతావన్నీ ఎక్కువగా వందల్లో పోతాయి. అందరు మెకానిక్‌లూ అలాంటివాళ్లే అనను, రోజుకు ఇన్ని మెంబ్రేన్లు అమ్మాలని పైనుంచి టెన్షన్ పెడితే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

నా సంగతే చెప్తాను, నవ్వుకోండి. ఇంత చెప్పే నేనే మా ఇంట్లో ఏడాదిలో రెండు మెంబ్రేన్లు మార్చాను. మొదటిది పూడింది, మార్చాను. ఆరు నెలలకు రెండోదీ పూడింది. మూడోది కొనడానికి షాపుకు వెళ్తే, అక్కడ పనిచేసే కుర్రాడు, నిండా ఇరవై ఏళ్లుండవు, "అంకుల్, వేస్ట్ ఎంత వస్తోంది?" అని అడిగాడు. నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే చుక్క చుక్క. ఎఫ్ఆర్ ఊడదీసి దులిపితే లోపల నుంచి సున్నం ముక్క, బియ్యపు గింజలో సగం ఉంటుంది, అరచేతిలో రాలింది. ఉప్పూ సున్నమూ బయటికి పోయే దారి మూసుకుపోతే అవన్నీ మెంబ్రేన్ మీదే పేరుకుంటాయి కదా. వంద రూపాయలు కూడా చేయని ముక్క నా చేత రెండు మెంబ్రేన్లు కొనిపించింది. అందుకే వేస్ట్ ఆగితే మిషన్ ఆపమన్నాను. మెంబ్రేన్ మార్చిన ప్రతిసారీ ఎఫ్ఆర్ కూడా మార్పించండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. బోరు నీళ్లు టీడీఎస్ 1,100, ల్యాబ్‌లో ఫ్లోరైడ్ 5 అని వచ్చింది. ఆర్‌ఓ పెట్టాక టీడీఎస్ 45 వచ్చేది, నీళ్లు చప్పగా ఉన్నాయని ఇంట్లో గొడవ. సర్వీసుకు వచ్చినతను లోపల ఒక స్క్రూ తిప్పి 300కి పెట్టాడు, ఇప్పుడు రుచిగా ఉన్నాయి, మినరల్స్ కూడా ఉంటాయన్నాడు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ పూట వంటకు ముందే ఆ స్క్రూ మూసేయండి, మిగతాది తర్వాత చదవండి.

ఆ స్క్రూను టీడీఎస్ కంట్రోలర్ అంటారు. అది మినరల్స్ తయారుచేసే యంత్రం కాదు. మెంబ్రేన్‌లోకి వెళ్లకుండా కొంత బోరు నీటిని పక్కదారిన తీసుకొచ్చి శుద్ధి అయిన నీటిలో కలుపుతుంది, అంతే. మీరు లెక్కల మాస్టారో కాదో తెలియదు కానీ లెక్క చిన్నదే. 45 ఉన్న నీళ్లు 300 కావాలంటే 1,100 ఉన్న నీళ్లు దాదాపు నాలుగో వంతు కలవాలి. నాలుగో వంతు నీళ్లతో పాటు నాలుగో వంతు ఫ్లోరైడూ వస్తుంది, అంటే లీటరుకు 1.25 మిల్లీగ్రాములు. మెంబ్రేన్ నూటికి తొంభై పైగా ఫ్లోరైడ్‌ను ఆపినా కొద్దిగా దాటుతుంది, అదీ ఇదీ కలిపితే 1.5 దగ్గరికి చేరుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉండాల్సింది 1 లోపు, వేరే నీళ్లు దొరకనే దొరకనప్పుడు మాత్రమే 1.5 వరకు. మీ ఊళ్లో ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు, వంగిన నడుములు మీరు రోజూ చూస్తూనే ఉంటారు.

టీడీఎస్ మీటర్ ఈ సంగతి చెప్పదు. 1,100లో ఫ్లోరైడ్ వాటా 5, మీటర్ కళ్లకు అది ఆనదు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది, అంటే ఇంకాస్త చిక్కబడుతుంది. క్రిములను చంపే యూవీ లైటు, మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని తీయలేవు. ఒకప్పుడు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ వాళ్లు తయారు చేశారు, దానికి నల్గొండ పద్ధతి అని మీ జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరుంటుంది, మీ బోర్లలో ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంది.

స్క్రూ ఎటు తిప్పితే మూసుకుంటుందో మీటరే చెప్తుంది. కొద్దిగా తిప్పండి, పది నిమిషాలు నడవనివ్వండి, పైపు నుంచి నేరుగా పట్టిన నీళ్లు కొలవండి. ట్యాంకులోని నీళ్లు కొలిస్తే పాతవి కలిసి తప్పు చెప్తుంది. మళ్లీ 45, 50కి దిగేదాకా తిప్పండి. చప్పదనం పది రోజుల్లో నాలుకకు అలవాటవుతుంది. కుండలో పోసుకుని తాగి చూడండి, గొడవ సగం తగ్గుతుంది.

తాగే నీళ్లు ఆర్‌ఓ పెట్టి, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండితే పెద్ద ఉపయోగం ఉండదు, బియ్యమూ పప్పూ ఆ నీళ్లను పీల్చుకునే ఉడుకుతాయి. మీ వీధికి మిషన్ భగీరథ కుళాయి సరిగ్గా వస్తుంటే తాగడానికి, వంటకు ఆ నీళ్లే వాడమంటాను. అది నదీ జలం, ఈ ఫ్లోరైడ్ తలనొప్పి దానికి ఉండదు. వేస్ట్ పైపు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు బోరు నీళ్లకంటే ఎక్కువ ఉంటాయి, గేదెకు పెట్టకండి. బండలు తుడవడానికి, బాత్రూమ్‌లో పోయడానికి సరిపోతాయి.

ప్రశ్న: మా ఇంటికి ఒకతను వచ్చి మా కుళాయి నీళ్లలో, అతని సీసాలోని ఆర్‌ఓ నీళ్లలో కరెంటు కడ్డీలు పెట్టాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు మురిక్కాలవలా నల్లగా గోధుమ రంగులోకి తిరిగాయి, అతనివి తెల్లగానే ఉన్నాయి. మా అమ్మ చూసి భయపడి అడ్వాన్స్ ఇచ్చేసింది. మా మున్సిపల్ నీళ్లు టీడీఎస్ 280.
– డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: అడ్వాన్స్ వెనక్కి అడుగు బాబూ. ఆ మురికి మీ నీళ్లలోది కాదు, అతని కడ్డీలోది. ఒకటి ఇనుప కడ్డీ, ఇంకోటి అల్యూమినియం కడ్డీ, కరెంటు పోతే ఇనుము కరిగి తుప్పులా నీళ్లలో కలుస్తుంది. కరెంటు పోవాలంటే నీళ్లలో లవణాలు ఉండాలి. మీ నీళ్లలో ఉన్నాయి కాబట్టి రంగు వచ్చింది, అతని ఆర్‌ఓ నీళ్లలో దాదాపు లేవు కాబట్టి రాలేదు. ఈసారి వస్తే అతని తెల్ల నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు పెట్టమను. అవీ మురిక్కాలవే అవుతాయి. అమ్మగారిని పక్కన నిలబెట్టి చూపించు, నువ్వు నోటితో ఎంత చెప్పినా నమ్మరు.

280 టీడీఎస్‌కు ఆర్‌ఓ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ప్రమాణంలో ఉండాల్సిన హద్దు 500. అంతకు తక్కువ ఉన్నచోట ఆర్‌ఓలు వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది, నీళ్లు వృథా అవుతున్నాయన్నదే దాని బాధ. అయితే ఒక మాట, టీడీఎస్ తక్కువ ఉంటే నీళ్లు శుభ్రమనీ కాదు. క్రిములు మీటర్‌కు కనపడవు. పైపులైను పగిలి మురుగు కలిసినా 280 అలాగే 280 చూపిస్తుంది. కాబట్టి ఫిల్టర్, యూవీ ఉన్న మామూలు మిషన్ పెట్టుకోండి, లేదా కాచి తాగండి, ఏడాదికోసారైనా సంపు కడిగించండి.

ప్రశ్న: ఐదో అంతస్తు, అదే చివరిది. మోటారు టుక్ టుక్ మంటూ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది, బాత్రూమ్‌లో ఎవరైనా కుళాయి తిప్పితే పూర్తిగా ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి లోపల ఏదో స్విచ్ పాడైంది, దాన్ని తప్పించి మోటారుకు వైరు డైరెక్ట్ చేసేస్తా అంటున్నాడు.
– కూకట్‌పల్లి నుంచి ఒకరు

జవాబు: డైరెక్ట్ చేయనివ్వకండి. ఆ స్విచ్, ఎల్‌పీఎస్ అంటారు, నీళ్లు రానప్పుడు మోటారు ఉత్తినే తిరిగి కాలిపోకుండా కాపాడుతుంది. అది దాని పని అది చేస్తోంది. ట్యాంకు మీ తల మీదే, ఓ మూడు మీటర్ల ఎత్తులో ఉంటుంది, పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ చొప్పున మీకు వచ్చే ఒత్తిడి 0.3 బార్. కింది అంతస్తు వాళ్లకు ఇంత ఇబ్బంది ఉండదు. క్యాండిల్ కొంచెం పూడినా, పక్క కుళాయి తిప్పినా ఆ కాస్తా చాలదు. కొత్త క్యాండిల్ వేయించి, మిషన్‌కు వచ్చే లైను బాత్రూమ్ లైనులోంచి కాకుండా ట్యాంకు నుంచి వేరుగా తీయించండి.

ప్రశ్న: ప్లగ్ తీసేసినా వేస్ట్ పైపులో నీళ్లు పోతూనే ఉంటాయి. మామూలేనా?
– గుంటూరు

జవాబు: మామూలు కాదు. మిషన్ ఆగగానే నీళ్లను ఆపాల్సిన సోలినాయిడ్ వాల్వ్, మెకానిక్‌లు ఎస్‌వీ అంటారు, అందులో నలుసు ఇరుక్కుంది లేదా అది పాడైంది. సన్నగా నిమిషానికి 100 మిల్లీలీటర్లు పోతున్నా రోజుకు 144 లీటర్లు, ఏడెనిమిది బకెట్లు. మార్చేదాకా రాత్రి పడుకునే ముందు మిషన్‌కు వచ్చే కుళాయి కట్టేయండి.

ప్రశ్న: మేము ఫీనిక్స్‌లో ఉంటాం. ఇక్కడ సింకు కింద పెట్టే ఆర్‌ఓ, మోటారు ఉండదు, ఇనుప డబ్బాలా ఒక ట్యాంకు ఉంటుంది. ట్యాంకు ఎత్తి చూస్తే బరువుగా నిండుగా ఉంది, కుళాయి తిప్పితే ఒక్క గ్లాసు వచ్చి ఆగిపోతోంది. ప్లంబర్‌ను పిలిస్తే ఇక్కడ రేట్లు మీకు తెలిసిందే.
– ఒక తెలుగు జంట, అరిజోనా

జవాబు: తెలుసు, అందుకే పిలవకండి. ఆ ట్యాంకులో రబ్బరు సంచి ఉంటుంది, దాని వెనకున్న గాలి నీళ్లను బయటికి తోస్తుంది. గాలి దిగిపోతే నీళ్లు నిండుగా ఉన్నా బయటికి రావు. మిషన్‌కు నీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, కుళాయి తెరిచి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి. రాకపోతే ట్యాంకు వాల్వ్ మూసి, విడదీసి బకెట్లో వంచి మళ్లీ తెరవండి. ట్యాంకు కింది భాగంలో చిన్న మూత కింద సైకిల్ ట్యూబుకు ఉన్నట్టే వాల్వ్ ఉంటుంది. ఖాళీ ట్యాంకులో గాలి 7, 8 పీఎస్ఐ ఉండాలి, సైకిల్ పంపుతో మెల్లగా కొట్టండి, కారు టైరు పంపుతో తొందరపడితే సంచి చిరుగుతుంది. ఆ గాలి వాల్వ్ నొక్కితే గాలికి బదులు నీళ్లు వస్తే మాత్రం సంచి చిరిగినట్టే, ట్యాంకు మార్చాలి. మీ దగ్గర నీళ్లు సున్నం ఎక్కువున్నవి, పనిలో పనిగా ఫిల్టర్లు మార్చిన తేదీ కూడా చూసుకోండి.

ప్రశ్న: పిల్లల సెలవులకు ఊరెళ్లి ఇరవై రోజులకు వచ్చాం. మిషన్ నీళ్లు వాసన వస్తున్నాయి, టీడీఎస్ ఎప్పుడూ 60 ఉండేది 140 చూపిస్తోంది. మెంబ్రేన్ పోయిందా?
– ఏలూరు నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: పోలేదమ్మా. మిషన్ ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్‌కు అటువైపున్న ఉప్పు మెల్లమెల్లగా ఇటువైపుకు జారుతుంది, అందుకే రోజూ పొద్దున పట్టే మొదటి గ్లాసు కూడా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఇరవై రోజులంటే మరి అంత. వాసన ట్యాంకులో నిలవున్న నీళ్లది. ట్యాంకు మూత తీసి లోపల వేలితో రుద్ది చూడండి, జిగటగా ఉంటే శుభ్రమైన గుడ్డతో రుద్ది కడిగించండి, సబ్బు వద్దు. రెండుసార్లు ట్యాంకు నింపి, ఆ నీళ్లు బట్టలకో బండలకో వాడేయండి, మూడోసారి నిండిన నీళ్లు కొలవండి. 60, 70కి దిగితే తాగండి, దిగకపోతే ఉప్పల్ ఆవిడకు చెప్పిన రెండు గ్లాసుల పరీక్ష చేసి, ఆ అంకెలు రాసి పంపండి. ఈసారి ఊరెళ్లేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కుళాయి కట్టేసి, ప్లగ్ తీసి వెళ్లండి.